112 సెంటీమీటర్ల బాబును వాటర్ పార్కుకు తీస్కపోవచ్చా? ఎత్తు రూల్స్ గురించి జర వివరంగ

చెల్లె, మీ ప్రశ్న మొత్తం చదివిన. బాబుకు ఐదున్నర ఏండ్లు, 112 సెం.మీ. ఎత్తు. పాపకు మూడేండ్లు, 94 సెం.మీ. ఎండాకాలం సెలవులల్ల హనుమకొండ నుంచి హైదరాబాద్ వాటర్ పార్కుకు పోదామని ప్లాన్. మీ ఆడపడుచు వాళ్ళేమో పెద్ద స్లైడ్లకు 120 ఉండాలె, మీవాన్ని ఎక్కనియ్యరు, పైసలు దండుగ అన్నరు. మీ ఆయనేమో మందం సోలు ఉన్న చెప్పులేసి తీస్కపోదాం, కాదంటే నా ఒళ్ళె కూసోబెట్టుకుంట అన్నడు. చివర్ల పాపకు చేతులకు తొడిగే గాలి బుడగలు కొనాల్నా అని అడిగిన్రు. నేను హైదరాబాద్ దిక్కు ఒక వాటర్ పార్కుల లైఫ్‌గార్డుగ చేరి, తర్వాత స్లైడ్ల మీద డ్యూటీ చేసే పిల్లగాండ్లకు సూపర్‌వైజర్‌గ చాలా ఏండ్లు చేసిన, ఇప్పుడు కాజీపేటల ఉండి చిన్నపిల్లలకు ఈత నేర్పిస్త, కాబట్టి నాకు తెలిసింది చెప్త, కొంచెం పొడుగైతది, ఓపిగ్గ చదవండి.

ముందు సూటిగ జవాబు. తీస్కపోండి, దండుగేం కాదు, ఐదేండ్ల పిల్లలకు ఆ పార్కులల్ల పొద్దంత ఆడుకునేటివి ఉంటయి. కానీ పెద్ద స్లైడ్ల సంగతి ఈ సంవత్సరం మర్చిపోవాలె, చెప్పుల ఉపాయం వద్దు, ఒళ్ళె కూసోబెట్టుకునుడు అసలే వద్దు.

చాలామంది గందరగోళపడేది ఎక్కడంటే టికెట్ ఎత్తు వేరు, రైడ్ ఎత్తు వేరు. పెద్ద పార్కులల్ల పిల్లల టికెట్ వయసును బట్టి కాకుండ ఎత్తును బట్టి పెడ్తరు, ఉదాహరణకు రావిర్యాల దగ్గర 2016ల మొదలైన వండర్‌లాల 85 సెం.మీ. కన్నా తక్కువుంటే ఫ్రీ, ఆపైన 140 దాక పిల్లల టికెట్ అనే లెక్కనే చాలా రోజులు నడిచింది, ఇప్పటి రేటు పోయేముందు వాళ్ళ వెబ్‌సైట్ల చూస్కోండి, ఎందుకంటే ఈ లెక్కలు మారుస్తుంటరు. గేటు దగ్గర మీ పిల్లలకు టికెట్ తీసుకున్నరు అంటే లోపల అన్నీ ఎక్కనిస్తరు అని కాదు. లోపల ఒక్కొక్క స్లైడ్‌కు ఒక్కొక్క గీత ఉంటది, ఒకదానికి 110 ఉండొచ్చు, ఇంకోదానికి 120, బాగా నిటారుగ దూకే వాటికి 140 దాక. టికెట్ కౌంటర్ కాడ 140 దాక పిల్లలే అని రాసుంటది, లోపలికి పోయినంక అదే పిల్లగాన్ని స్లైడ్ కాడ ఆపితే తల్లిదండ్రులకు కోపమొస్తది, పైసలు తీస్కొని మోసం చేసిన్రు అంటరు. కౌంటర్ గీత పైసల కోసం పెట్టింది, స్లైడ్ గీత పిల్లగాని పాణం కోసం పెట్టింది, ఈ రెండిటికి సంబంధం లేదు.

మరి ఆ 120 ఏంది, ఎవరు పెట్టిన్రు? స్లైడ్ తయారు చేసిన కంపెనీయే ఇంత ఎత్తు, ఇంత బరువు అని మాన్యువల్‌ల రాసిస్తది, యూరప్‌ల వాటర్ స్లైడ్లకు ఈఎన్ 1069 అనే స్టాండర్డ్ ఉంది, అమెరికాల ఏఎస్‌టీఎం స్టాండర్డ్లు ఉన్నయి, వాటిని చూసే ఈ లెక్కలు వస్తయి. అమెరికాల 42 ఇంచులు, 48 ఇంచులు అనే రెండు గీతలు మస్తు చోట్ల కనపడ్తయి, అంటే సుమారు 107, 122 సెం.మీ., మన దగ్గర ఆ రెండోదే 120 అనో నాలుగు ఫీట్లు అనో రాస్తరు. ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి, నాలుగు ఫీట్లు అంటే 120 కాదు, దాదాపు 122. బోర్డు మీద నాలుగు ఫీట్లు అని ఉన్నకాడ 120 ఉన్న పిల్లగాడు ఆగిపోతడు, గొడవ పడి లాభం లేదు.

ఎత్తు ఎందుకు చూస్తరంటే, ముఖ్యంగ కింద నీళ్ళ లోతు. స్లైడ్ దిగే పూల్ చాలాకాడ మూడు నుంచి మూడున్నర ఫీట్లు ఉంటది. 120 ఉన్న పిల్లగాడు అండ్ల నిలబడి కొంచెం గదమ లేపితే మూతి నీళ్ళ పైన ఉంటది. మీ బాబు 112 కదా, మూడున్నర ఫీట్లు అంటే 107 సెం.మీ., అంటే నీళ్ళు కండ్ల పైకి వస్తయి. పైగ అవి నిలకడ నీళ్ళు కావు, పైనుంచి ధారగ పడుతుంటయి, స్లైడ్ నుంచి దూసుకొచ్చిన పిల్లగాడు ముందు మునుగుతడు, ముక్కుల నీళ్ళు పోతయి, ఏ దిక్కు పైకో తెల్వదు, లేవబోతే కాలు జారుతది, అంతల వెనకనుంచి నీళ్ళు నెడ్తయి. పెద్దోళ్ళకు అదంత రెండు సెకండ్ల సరదా, ఐదేండ్లోనికి అట్ల కాదు.

రెండోది తల బరువు. చిన్నపిల్లల తల వాళ్ళ ఒంటికి పోలిస్తే పెద్దగుంటది, పుట్టినప్పుడు మొత్తం పొడుగుల నాలుగో వంతు తలనే, పెద్దయినంక ఎనిమిదో వంతుకు వస్తది. ఐదారేండ్లప్పుడు ఇంక మధ్యలనే ఉంటది, అందుకే మలుపు కాడ పైభాగం తొందరగ లేస్తది, బోర్లపడ్తరు, తల తగుల్తది. మూడోది బరువు. స్లైడ్ల నీళ్ళు పల్చగ పారుతుంటయి, 17, 18 కిలోల పిల్లగాడు కొన్నికాడ చదునుగ ఉన్న ముక్కల మధ్యల ఆగిపోతడు. ఆగిపోయినోడు భయపడి లేచి కూసుంటడు, పాకుతడు, వెనక్కి చూస్తడు. గొట్టం లెక్క మూసి ఉన్న స్లైడ్ అయితే పైనున్న ఆపరేటర్‌కు లోపల పిల్లగాడు కనపడడు. ఆపరేటర్ చేసే పని అసలేందో మీరెప్పుడన్న గమనించిన్రా, పైన తొట్టిల మనిషిని కూసోబెట్టి, ఒక చెయ్యి వాళ్ళ ముందట అడ్డం పెట్టి, కిందికి చూస్తుంటడు, కింద పూల్ కాడి గార్డు ముందుపోయినోడు బయటికొచ్చిండు అని చెయ్యెత్తో విజిల్ ఊదో లైటేసో చెప్తేనే ఆ చెయ్యి తీస్తడు. లైన్ల ఉన్నోళ్ళు "ఇంకెంతసేపు" అని అరుస్తుంటే ఆ ఆపరేటర్ మీద మస్తు ఒత్తిడి ఉంటది. ఆ చెయ్యి నాలుగు సెకండ్లు ముందుగ లేస్తే లోపల ఆగిన చిన్నోని మీదికి 80 కిలోల మనిషి కాళ్ళతోని వచ్చి తగుల్తడు. నేను సూపర్‌వైజర్‌గ ఉన్నన్ని రోజులు నా పిల్లగాండ్లకు ముందు నేర్పించింది ఆ చెయ్యే.

ఇంకోటి, చెప్పింది చెయ్యగల్గుడు. వెల్లకిల పండుకో, చేతులు ఛాతి మీద కట్టుకో, కాళ్ళు మడమల కాడ ఒకదాని మీద ఒకటేస్కో, తల ఎత్తకు. కాళ్ళు కట్టుకొమ్మనేది ఊరికె కాదు, స్పీడుగ నీళ్ళల్ల పడ్డప్పుడు కాళ్ళు విడిపోతే నీళ్ళు ఒత్తిడితోని లోపలి భాగాలకు తగుల్తయి, దెబ్బలు పెద్దయే తగిలిన కేసులున్నయి. ఏడెనిమిదేండ్ల పిల్లలు దిగేదాక అట్లనే ఉంటరు. ఐదేండ్ల పిల్లలు పైన "ఆఁ" అంటరు, సగం దూరం పోంగనే భయంతోని చేతులు చాపి పక్కల గోడలు పట్టుకోవాల్నని చూస్తరు, అప్పుడు వేళ్ళు జాయింట్ల కాడ గీసుకుంటయి, మోచేతులు లేస్తయి. వాళ్ళ తప్పేం లేదు, ఆ వయసే అంత. అందుకే ఎత్తు అనేది వయసుకు కూడ ఒక గుర్తు లెక్క పనిచేస్తది, గేటు కాడ బర్త్ సర్టిఫికెట్లు చూసే పని తప్పుతది.

డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల ప్రకారం మగపిల్లల సగటు ఎత్తు ఐదేండ్లకు 110, ఆరేండ్లకు 116, ఏడేండ్లకు దాదాపు 122 సెం.మీ. ఆడపిల్లలు ఒక అర, ఒక సెంటీమీటర్ తక్కువ. అంటే 120 గీతను సగటు పిల్లలు ఏడేండ్లకు అటిటుగ దాటుతరు. మీ బాబు ఐదున్నరకు 112 అంటే మంచిగనే ఉన్నడు, ఎవరన్న పొట్టిగున్నడు అంటే పట్టించుకోకండి. మూడేండ్ల పాప 94 కూడ సరిగ్గనే ఉంది. ఈ వయసుల సంవత్సరానికి ఆరు సెం.మీ. దాక పెరుగుతరు, వచ్చే ఎండాకాలానికి 118 అయితడు, ఆపై సంవత్సరం 124. అప్పుడు మీరు ఎక్కొద్దన్నా ఎక్కుతడు.

ఇంటికాడ కొలిచి పోండి, ఇది తప్పనిసరి. ఎట్ల కొలవాల్నో కూడ చెప్త, ఎందుకంటే టైలర్ టేపు పట్టుకొని తలమీదనుంచి కిందికి వేలాడదీసి కొలిచినోళ్ళను మస్తుమందిని చూసిన, మూడు నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తది. గచ్చు చదునుగ ఉన్న గోడ చూస్కోండి, కింద పట్టీ లేని గోడైతే ఇంక మంచిది. చెప్పులు, సాక్సులు తీసేసి, మడమలు, పిర్రలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టండి. జుట్టు పైకి ముడేసుంటే విప్పండి. ఎదురుంగ సూటిగ చూడమనండి, గదమ లేపొద్దు. ఒక అట్ట గట్టిగున్న పుస్తకం తీస్కొని ఒక అంచు గోడకు తగిలేటట్టు, కింది వైపు నెత్తికి ఆనేటట్టు పెట్టి, అక్కడ పెన్సిల్‌తోని గీత గీసి, నేలనుంచి ఆ గీతదాక ఇనుప టేపుతోని కొలవండి. రెండుసార్లు కొలవండి. ఇది కష్టమనిపిస్తే పాపను అంగన్‌వాడీకి తీస్కపోతరు కదా, అక్కడ ఎత్తు కొలిచే స్టాండ్ ఉంటది, టీచరమ్మనడిగితే బాబును కూడ అండ్ల నిలబెట్టి చెప్తది. ఇంకో సంగతి, పొద్దున లేచినప్పటికన్నా సాయంత్రానికి మనుషులు కొంచెం తగ్గుతరు, పిల్లలు కూడ, కాబట్టి సరిగ్గ గీత మీద ఉన్న పిల్లలను సాయంత్రం కొలిచిన లెక్కనే పట్టుకోండి.

చెప్పుల ఉపాయం గురించి. వాటర్ స్లైడ్ల మీద చెప్పులేస్కోనియ్యరు, కింద కొలిచేటప్పుడే విప్పమంటరు, కాబట్టి అది ఎట్లయిన పని చెయ్యదు. మునివేళ్ళ మీద లేపుడు, జుట్టు నెత్తిమీద గట్టిగ ముడెయ్యుడు, ఇవన్ని గార్డులకు తెలుసు, వాళ్ళు ముందు మడమలే చూస్తరు. ఒకవేళ ఎవడో కొత్త పిల్లగాడు చూడక వదిలేసిండే అనుకోండి, అప్పుడు గెలిచిందెవరు? కింద పూల్ల లోతు తగ్గదు కదా. "మేం చూస్కుంటం, సంతకం పెట్టిస్తం" అనేటోళ్ళు కూడ రోజూ ఉంటరు. మీరు సంతకం పెడితే పార్కోళ్ళు కేసు నుంచి తప్పించుకుంటరేమో కానీ పిల్లగానికి ఏం ఒరుగుతది? ఇంకో మాట, పైన నిలబడి వద్దు అనేటోడు ఇరవై ఏండ్ల పోరగాడు, జనగామ నుంచో ఖమ్మం నుంచో ఒడిశా నుంచో వచ్చి పొద్దంత ఎండల కాళ్ళు కాలంగ నిలబడ్తడు. వాడు మీ పిల్లగాన్ని ఆపినప్పుడు తిట్టకండి. పిల్లల ముందు అయితే అసలే తిట్టకండి, రేపు ఆ పిల్లగాడు ఏ చెరువు కట్ట మీదనో ఎవరన్న ఆగు అంటే ఆగడు.

కొలిచే బోర్డు స్లైడ్ మెట్ల కింద ఉంటది. ముందు అక్కడ కొలిపించుకొనే ఎక్కండి. ఐదారంతస్తుల మెట్లెక్కి గంటసేపు లైన్ల నిలబడినంక పైనుంచి వెనక్కి పంపిస్తే పిల్లగాని ఏడుపు చూడలేం. కొన్ని పార్కులల్ల పొద్దుగాల్నే ఒకసారి కొలిచి చేతికి రంగు బ్యాండ్ వేస్తరు, ఉంటే అది వేయించుకోండి. ఇంటి దగ్గర్నే బాబుకు చెప్పి ఉంచండి, ఇవి నీవి, అవి పెద్దోళ్ళవి అని, వీడియోలు చూపెట్టి ఆశ పెట్టకండి.

ఒళ్ళె కూసోబెట్టుకునే సంగతి. ఇది మీ ఆయనకు గట్టిగ చెప్పండి, ఎందుకంటే ప్రేమతోనే అంటడు, నాయినలందరు అట్లనే అంటరు, నా ఒళ్ళె ఉంటే ఏమైతది అని. మామూలు పార్కుల జారుడుబండ మీద కూడ చిన్నపిల్లలను ఒళ్ళె పెట్టుకొని జారితే పిల్ల కాలు అంచుకు తట్టుకుంటది, వెనక పెద్దమనిషి బరువు ఆగదు, మోకాలి కింది ఎముక విరుగుతది. ఒక్కతే జారితే 13, 14 కిలోల పిల్ల కాలు తట్టుకోంగనే ఆగిపోతది, ఒళ్ళె ఉంటే 75 కిలోలు దాన్ని మెలేస్తది. పిల్లల ఎముకల డాక్టర్లకు ఇది బాగ తెలిసిన దెబ్బ. ఇంక నీళ్ళ స్లైడ్ మీద స్పీడు ఎంతో ఎక్కువ, కింద నీళ్ళల్ల పడంగనే పెద్దమనిషి చేతులు తెలియకుంటనే విడిపోతయి, ఒక్కోసారి ఆయన బరువంత పిల్ల మీదనే పడ్తది. ఇద్దరు కూసునే ట్యూబు వేరు, దానికి పిల్లకు వేరే సీటు, వేరే పట్టుకునే హ్యాండిల్స్ ఉంటయి, దానికి కూడ ఎత్తు గీత ఉంటది, అది దాటితేనే.

బరువు గురించి కూడ ఒక మాట. ఫ్యామిలీ రాఫ్ట్, అంటే ఇంటోళ్ళంత కలిసి కూసొని జారే గాలి పడవ, ఎక్కేటప్పుడు ముందట తూకం మీద నిలబడమంటే ఆడోళ్ళు సిగ్గుపడ్తరు, మగోళ్ళు విసుక్కుంటరు. దయచేసి నిలబడండి. 2016 ఆగస్టు 7న అమెరికాల కాన్సస్ సిటీల ష్లిట్టర్‌బాన్ అనే పార్కుల వెరూక్ట్ అనే స్లైడ్ మీద పదేండ్ల బాబు చనిపోయిండు, 168 ఫీట్ల పైన ఎత్తు ఉండే ఆ స్లైడ్ అప్పట్ల ప్రపంచంలనే ఎత్తైంది. ముగ్గురు కూసునే రాఫ్ట్, ముగ్గురి బరువు కలిపి 400 నుంచి 550 పౌండ్లు ఉండాలె అని రూల్, ఆ రోజు మొత్తం ఆ లెక్కల్నే ఉంది. కానీ ముందు సీట్ల 33, 34 కిలోల పిల్లగాడు, వెనక ఇద్దరు పెద్దోళ్ళు, రెండో మిట్ట కాడ రాఫ్ట్ గాల్లకు లేచింది. ఆ స్లైడ్ డిజైన్ మీదనే పెద్ద ఆరోపణలు వచ్చినయి, మళ్ళ తెరవలేదు, 2018ల విప్పేసిన్రు. ఇది చెప్పి మిమ్మల్ని భయపెట్టాల్నని కాదు, మామూలు ఫ్యామిలీ రాఫ్ట్లు అట్లాంటియి కావు. కానీ ఆపరేటర్ "సార్ మీరు ఇటు కూసోండి, పాపను అటు కూసోబెట్టండి" అన్నప్పుడు దానికి కారణం ఉంటది, మేం పక్కపక్కనే కూసుంటం అని వాదించకండి.

ఇప్పుడు మీ ఇద్దరు పిల్లలు ఏం చెయ్యొచ్చు. పిల్లల పూల్ ఉంటది, ఒక ఫీటు, ఒకటిన్నర ఫీటు నీళ్ళు, చిన్న చిన్న స్లైడ్లు, పైన పెద్ద బకెట్ నిండి గుమ్మరించేది, ఇద్దరికీ అదే అసలు జాగా, బాబు అక్కడ్నే రెండు మూడు గంటలు గడుపుతడు. ఆ స్లైడ్లకు పై గీత ఉంటది, అంటే పెద్దోళ్ళు ఎక్కొద్దు అని, అది కూడ పాటించండి. లేజీ రివర్‌ల సన్నగ పారే నీళ్ళల్ల ట్యూబు మీద తేలుకుంట పోవచ్చు, బాబుకు లైఫ్ జాకెట్ వేసి మీలో ఒకరు అదే ట్యూబును పట్టుకొని నడవాలె. రెయిన్ డ్యాన్స్ అయితే పాప కాలు జారకుంట చేయి పట్టుకుంటే చాలు. 110 గీత ఉన్న రైడ్ ఏదన్న ఉంటే బాబుకు అది దొరుకుతది, ఆ పొద్దు దాన్నే హీరో రైడ్ అని చెప్పండి వానికి.

వేవ్ పూల్ గురించి మాత్రం జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే దానికి ఎత్తు గీత చాలాకాడ ఉండదు, అందరు సేఫ్ అనుకుంటరు, నాకైతే చిన్నపిల్లల విషయంల పెద్ద స్లైడ్ల కన్నా అదే భయం. ఒడ్డు నుంచి నెమ్మదిగ లోతు పెరుగుతది, సైరన్ కొడ్తరు, అలలు మొదలైతయి, అప్పుడు జనమంత ఒక్కసారి లోపలికి ఉరుకుతరు. మోకాలిదాక ఉన్న నీళ్ళు అల వచ్చినప్పుడు పాప గదమ దాక వస్తయి, తిరిగి పోయేటప్పుడు కాళ్ళకింద గుంజుతది. చుట్టూ పెద్దోళ్ళు, ట్యూబులు, పాప వాళ్ళ నడుముల మధ్యల ఉంటది, పైన కుర్చీల కూసున్న గార్డుకు నీళ్ళ మీద ట్యూబులు తప్ప కింద పాప కనపడదు. మంచి పార్కులల్ల గార్డులకు 10 సెకండ్లల్ల తన జోన్ మొత్తం చూడాలె, ఇంకో 20 సెకండ్లల్ల మునిగేటోని కాడికి చేరాలె అని నేర్పిస్తరు, కానీ అంత జనంల అదెంత కష్టమో అక్కడ కూసున్నోనికే తెలుసు. పాప చీలమండ లోతుల్నే ఉండాలె, బాబు మోకాలి లోతుల, ఇద్దరికీ లైఫ్ జాకెట్, ఇద్దరికీ ఒక్కొక్క పెద్దమనిషి, చెయ్యి చాపితే అందేంత దూరంల. ఒకరు ఇద్దరిని చూస్త అంటే కాదు.

మునిగేటోళ్ళు చేతులు ఊపుకుంట అరుస్తరు అనుకుంటం, సినిమాలల్ల అట్లనే చూపిస్తరు. నిజంగ మునిగే పిల్లకు అరిచేటంత ఊపిరి ఉండదు. నిలువుగ ఉంటరు, మూతి నీళ్ళ మీదికి కిందికి వస్త పోతుంటది, చేతులు పక్కలకు నీళ్ళను ఒత్తుతుంటయి, చూసెటోనికి ఆడుకుంటున్నట్టే కనపడ్తది. 20 నుంచి 60 సెకండ్లల్ల కిందికి పోతరు. ఫోన్ల ఒక రీల్ చూసేంత సేపు. అందుకే ఫోన్లు లాకర్ల పెట్టండి, ఫోటోలు పొద్దున పోంగనే దిగేసి. మీ అత్తమ్మనో అమ్మనో తీస్కపోతే చాలా మంచిది, కానీ ఆమెను బ్యాగుల కాడ, తిండి కాడ కూసోబెట్టండి, నీళ్ళల్ల పిల్లలను ఆమెకు అప్పజెప్పకండి, పిల్లలు వేవ్ పూల్ల లేనప్పుడు మీరిద్దరే వంతులేస్కోండి, ఒకరు పెద్ద స్లైడ్ ఎక్కి వచ్చినంక ఇంకొకరు.

బట్టలు. నైలాన్ లేకుంటే లైక్రా స్విమ్ డ్రెస్ కావాలంటరు, జీన్సు, కాటన్ చుడీదార్లు, చున్నీలు నడవయి, అక్కడ కిరాయికి ఇస్తరు కానీ పిల్లల సైజులు పొద్దెక్కితే దొరకయి, కొనుక్కొని పోండి. ఇంట్లనే తీసేయాల్సినయి చెప్త వినండి. బాబు మొలతాడు, మెడల తాయెత్తు, చేతికి దిష్టి దారం, పాప పట్టగొలుసులు, గాజులు, చెవుల కమ్మలు వేలాడేటివైతే అవి కూడ. స్లైడ్లు ముక్కలు ముక్కలుగ బోల్టులతోని కలిపి ఉంటయి, ఆ జాయింట్ల సందుల దారం ఒక్కసారి పట్టుకుందంటే పిల్ల ఆగదు, దారం తెగదు. వెండి మొలతాడైతే ఇంక ప్రమాదం. అమ్మమ్మలు ఒప్పుకోరు, మొలతాడు తీస్తే మంచిది కాదంటరు, ఆ ఒక్కరోజు తీసి దేవుని కాడ పెట్టి, వచ్చినంక స్నానం చేయించి మళ్ళ కడ్దాం అని చెప్పండి, మా ఇంట్ల అట్లనే చెప్పి ఒప్పించిన.

ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది, మే నెలల మన దిక్కు 44 డిగ్రీలు పోతది, హైదరాబాద్ కొంచెమే తక్కువ. నీళ్ళల్ల ఉంటే ఎండ తెల్వది, సాయంత్రానికి భుజాలు మాడిపోతయి. పూర్తి చేతుల స్విమ్ డ్రెస్, గంటకోసారి నీడ, ఓఆర్‌ఎస్. మధ్యాహ్నం 12 నుంచి 3 దాక పిల్లలను నీడకు తీస్కపోయి తినబెట్టి పండబెట్టండి. కాజీపేట నుంచి పొద్దుగాల రైలుకు పోతే సికింద్రాబాద్ నుంచి మళ్ళ దూరం, పిల్లలు అక్కడికే అలిసిపోతరు, కారుంటే జనగామ, భువనగిరి మీదికెళ్ళి ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కితే సుఖం. రిటర్న్‌ల అదే రోజు రాత్రి నడపకుంట ఒక రాత్రి చుట్టాలింట్ల ఉండండి. లూజ్ మోషన్స్ ఉన్న పిల్లను నీళ్ళల్ల దింపకండి, క్లోరిన్‌కు చావని క్రిములుంటయి, మిగతా పిల్లలందరికి అంటుతయి.

మీరు అడగలేదు కానీ ఇది కూడ చెప్పాలె. హైదరాబాద్ దాక ఎందుకని చాలామంది ఇక్కడ మన చుట్టుపక్కల రిసార్టులకు, ఫామ్‌హౌజులకు పోతున్నరు, ఒక పూల్, దానికి ఒకటి రెండు స్లైడ్లు. అక్కడ ఎత్తు బోర్డు ఉండదు, పైన ఆపరేటర్ ఉండడు, కింద గార్డు ఉండడు. ఎక్కడైతే ఆపెటోడు లేడో అక్కడ మీరే ఆపాలె. నేను పోతే చూసేటివి ఇవి. నీళ్ళు ఎంత తేటగ ఉన్నయి, అడుగున టైల్స్ గీతలు, డ్రెయిన్ మూత కనపడాలె, కనపడకుంటే పిల్లలను దింప. ఆ డ్రెయిన్ మూత విరిగిందా, ఊడిందా చూస్త, ఎందుకంటే కింద మోటరు గుంజుడుకు పిల్లల వెంట్రుకలు, చేతులు అతుక్కుపోతయి, అమెరికాల ఈ మూతల మీద 2007ల ప్రత్యేకంగ చట్టమే చేసిన్రు. స్లైడ్ దిగే కాడ నేను ముందు దిగి నిలబడి, నీళ్ళు నాకెక్కడిదాక ఉన్నయో చూసి, పిల్లగాని ఛాతి దాటితే వద్దంట. స్లైడ్ లోపల చెయ్యి పెట్టి జాయింట్లు తడిమి చూస్త, గరుకు, పగుళ్ళు ఉన్నయా అని. పైనుంచి నీళ్ళు ఆగకుంట పారుతున్నయా, కరెంటు పోతే ఏమైతది అని అడుగుత, ఎండిన ఫైబర్ మీద తొడల తోలు లేచిపోతది. స్లైడ్ చివరి అంచు నీళ్ళకు దగ్గరగ ఉండాలె, రెండు మూడు ఫీట్ల పైనుంచి పిల్ల ఎగిరి పడేటట్టుంటే దాని జోలికే పోవద్దు. ఇవన్ని చూసినంక కూడ ఒక పెద్దమనిషి పైన, ఒకరు కింద, ముందుపోయినోడు గట్టుకు చేరినంకనే తర్వాతోన్ని వదలాలె. పుట్టినరోజు పార్టీలల్ల పదిమంది పిల్లలు గొలుసు కట్టుకొని జారుతుంటరు, పెద్దోళ్ళు వీడియో తీస్తుంటరు, దయచేసి ఆపండి.

ఏదన్న జరగరానిది జరిగి పిల్లను నీళ్ళల్లకెళ్ళి తీస్తే, కడుపు మీద ఒత్తుడు, తలకిందులుగ తిప్పుడు చెయ్యకండి, మన దిక్కు ఇప్పటికి చేస్తరు, దానితోని ఊపిరి రాదు, టైము పోతది, కక్కిన నీళ్ళు ఊపిరితిత్తులల్లకు పోతయి. ఊపిరి లేకుంటే ముందు నోట్లె ఊపిరి ఊదాలె, తర్వాత ఛాతి మధ్యల ఒత్తాలె, ఆపకుంట, ఇంకొకరు 108కు ఫోన్ చెయ్యాలె. ఇది చదివితే రాదు, ఎక్కడన్న సీపీఆర్ ట్రైనింగ్ పెడితే మీరిద్దరు ఒకసారి పోయి బొమ్మ మీద చేసి నేర్చుకోండి. నీళ్ళు మింగి దగ్గి బాగయిన పిల్లను కూడ ఆ రోజంత చూస్తుండాలె, ఊపిరి తొందర తొందరగ తీసుకున్నా, మత్తుగ ఉన్నా, దగ్గు తగ్గకున్నా వెంటనే దవాఖానకు తీస్కపోండి.

చివరికి పాప గాలి బుడగల సంగతి. కొనకండి. చేతులకు తొడిగేటివి, నడుముకు వేసే బాతు బొమ్మ ట్యూబులు, ఇవి ఆటబొమ్మలు, నీళ్ళల్ల కాపాడేటివి కావు. ఒకటి జారిపోతే పాప పక్కకు ఒరుగుతది, గాలి పోతే తెల్వది, అన్నిటికన్నా ముఖ్యం అవి ఉన్నయని మన కండ్లు పక్కకు పోతయి. బదులుగ 13, 14 కిలోల బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్ చూడండి, లోపల లేబుల్ మీద ఎన్ని కిలోలకో రాసుంటది, వయసును బట్టి కాదు బరువును బట్టి కొనాలె. తొడలమధ్యకెళ్ళి వచ్చే బెల్టు తప్పక ఉండాలె, అది లేకుంటే జాకెట్ పైకి లేచి పాప కిందికి జారుతది. తొడిగినంక రెండు భుజాల కాడ పట్టుకొని పైకి లేపి చూడండి, జాకెట్ చెవులదాక వస్తే అది పెద్ద సైజు, పాపతో సహా లేస్తే సరిపోయినట్టు. పార్కులల్ల కూడ ఇస్తరు, కానీ చిన్న సైజులు తక్కువుంటయి, పొద్దుగాల గేటు తెరవంగనే పోయి తీస్కోండి. బాబుకు కూడ అదే లెక్క.